డొంక కంపలో పసిరిక పాము

మిరప చేను గట్టున సర్కారుతుమ్మ కంపకి దూసరితీగ అల్లుకుని ఉంటే, దాంట్లో పసిరిక పాము ఉంటుందని నేను పందెం కాస్తాను. అది మీకు కనబడుతుందని మాత్రం కాయను. ఎదురుగా నిలబెట్టి వేలుపెట్టి చూపించినా మా బడి పిల్లల్లో సగం మందికి ఆకులే కనబడతాయి. కనబడిన మిగతా సగం వెంటనే చేసే పని ఒకటే: రెండు చేతులతో కళ్లు మూసుకోవడం.

నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మాది పర్చూరు వైపు పల్లె. 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల. చుట్టూ నల్లరేగడి. పత్తి, మిరప, శనగ, కొంచెం పొగాకు. మా ఇంట్లోనూ మిరప వేస్తాం. అడవి అనదగ్గది కనుచూపు మేరలో లేదు. చెట్ల మీద బతికే పాములంటే మన ఊహ తిన్నగా పడమటి కనుమలకో, నల్లమలకో పోతుంది. ఈ పాముకి అంత అడవి అక్కర్లేదు. పొలాల మధ్య డొంక, డొంక పక్కన కంప, కంప మీద తీగ ఉంటే దాని కాపురం గడిచిపోతుంది.

మా చేలో కాయకోతకి వచ్చే ముఠా పెద్దని నేను పిన్నీ అని పిలుస్తాను. మధ్యాహ్నం అన్నాల వేళ వాళ్లంతా గట్టు మీద వేపచెట్టు కింద చేరతారు. ఒకసారి నేను ఆ పక్క కంపలోకి వంగి చూస్తుంటే పిన్ని కేకేసింది.

"అటు పోబాకమ్మా టీచరమ్మా! పసిరిక ఉంటది దాంట్లో. కళ్లు పొడుస్తది."

"ఎవరికన్నా పొడిచిందా పిన్నీ?"

"మా ఆడబిడ్డ వాళ్ల ఊళ్లో ఒకాయనకి పొడిచిందంట."

"ఆయన్ని నువ్వు చూశావా?"

"నేనెక్కడ చూశానమ్మా! అందరూ చెప్పుకుంటారు."

గుంటూరు నుంచి కందుకూరు దాకా ఎవర్నడిగినా ఇదే జవాబు. కన్ను పోయిన మనిషి ఎప్పుడూ పక్క ఊళ్లోనే ఉంటాడు. ఈ భయం మన ఒక్కళ్లదే కాదు. తమిళనాడులో ఉంది, శ్రీలంకలో ఉంది. సింహళీయులు ఈ పాముని 'కళ్లు పొడిచేది' అనే అర్థం వచ్చే పేరుతో పిలిస్తే, జర్మన్ శాస్త్రవేత్త లింక్ 1807లో ఈ ప్రజాతికి ఆ పేరే ఖాయం చేశాడు: అహెటుల్లా. పల్లెల్లో పుట్టిన అపవాదు శాస్త్ర గ్రంథాల్లోకి కూడా ఎక్కి కూర్చుంది.

దగ్గరగా చూస్తే

మనిషి చూపుడు వేలంత లావు, నాలుగైదు అడుగుల పొడవు. అందులో మూడో వంతు తోకే. లేతాకు పచ్చ రంగు, పొట్టకి రెండు పక్కలా సన్నటి పసుపు గీత. తల పొడుగ్గా, ముక్కు కొస సూదిగా ఉంటుంది. పగలంతా తిరుగుతుంది, రాత్రి కొమ్మ మీదే నిద్రపోతుంది. దాని ఆహారం ప్రధానంగా తొండలు, బల్లులు, కప్పలు. అప్పుడప్పుడు చిన్న పిట్ట.

మా పెరట్లో దొండ పందిరి మీద అది వేటాడడం చూశాను. ఎండ పడేచోట ఒక తొండ తలెత్తి కూర్చుంది. దానికి మూరెడు దూరంలో పసిరిక తోకతో తీగని పట్టుకుని, ముందు సగం శరీరాన్ని ఏ ఆధారమూ లేకుండా గాల్లోకి చాపి ఆగిపోయింది. గాలి వచ్చింది, తీగ ఊగింది, దాంతోపాటు పామూ ఊగింది. గాలి ఆగితే అదీ ఆగింది. అయితే ఊగిన ప్రతిసారీ ఒక వేలెడు ముందుకి జరిగింది. మామూలుగా పాములు నాలుక ఆడిస్తూనే ఉంటాయి. ఇది మాత్రం నాలుక బయటపెట్టి, కదపకుండా అలాగే ఉంచింది. తొండకి ఏ అనుమానమూ రాలేదు. చివరికి ఎప్పుడు దూకిందో నాకు తెలియలేదు. తొండ మెడ దాని నోట్లో ఉంది, నాలుగు కాళ్లూ గాల్లో కొట్టుకుంటున్నాయి. పాము దాన్ని పందిరి మీంచి పైకెత్తి అలాగే పట్టుకుంది. కాసేపటికి కాళ్ల కదలిక తగ్గింది. అప్పుడు తల వైపు నుంచి మింగడం మొదలుపెట్టింది.

ఆ పట్టు అంత గురిగా పడడానికి కారణం దాని కన్ను. చాలా పాముల కనుపాప గుండ్రంగానో, నిలువు చీలికలాగానో ఉంటుంది. దీనిది తాళంకప్ప రంధ్రాన్ని అడ్డంగా పడుకోబెట్టినట్టు ఉంటుంది. సన్నటి కొస ముక్కు వైపుకి తిరిగి ఉంటుంది. కంటి ముందు నుంచి ముక్కు దాకా రెండు చెంపల మీదా ఒక గాడి. ఆ గాడిలోంచి రెండు కళ్లూ ఒకేసారి ఎదురుగా ఉన్నదాన్ని చూడగలవు. చూపు బాగా కుదురుకోవడానికి రెటీనాలో ఫోవియా అనే చిన్న గుంట కూడా దీనికి ఉంది. పాముల్లో అది అరుదు. రెండు కళ్ల చూపు కలిస్తేనే దూరం సరిగ్గా అంచనాకి అందుతుంది. క్లాసులో పిల్లల చేత ఒక కన్ను మూయించి సూదిలో దారం ఎక్కించమంటాను. రెండు నిమిషాల్లో పాఠం అర్థమైపోతుంది.

కళ్లు పొడుస్తుందన్న కథకి మూలం కూడా ఈ కన్నూ, ఈ ముక్కేనని నేను అనుకుంటాను. పాముకి భయం వేస్తే మెడ ఉబ్బిస్తుంది. పచ్చటి పొలుసులు విడిపోయి మధ్యలో నలుపు తెలుపు చర్మం బయటపడుతుంది. నోరు బార్లా తెరిచి ముందుకి విసురుతుంది. అప్పటిదాకా ఆకు అనుకున్నది ఒక్కసారి అలా మారితే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. పైగా అది ఉండేది ఛాతీ ఎత్తులో, మొహం ఎత్తులో. కంపలోకి వంగి తీగ లాగేవాడి మొహమే దానికి ముందు దొరుకుతుంది. దగ్గరికి వచ్చింది చెయ్యయితే చెయ్యినే కరుస్తుంది. కన్నేదో, ముక్కేదో దానికి పట్టింపు లేదు. ముక్కు కొస చూడ్డానికి సూదిలా ఉన్నా మెత్తటిదే, గుచ్చే పనికి రాదు. అలాగని మొహం తీసుకెళ్లి దాని ముందు పెట్టమని నేను చెప్పడం లేదు. ఏ జంతువు ముందూ పెట్టకూడదు.

పసిరిక గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. లండన్ జంతు ప్రదర్శనశాలలో 1885 ఆగస్టు నుంచి ఒంటరిగా ఉంచిన ఒక ఆడపాము 1888 ఆగస్టులో పిల్లల్ని కన్నట్టు రికార్డుల్లో ఉంది. మగపాము వీర్యాన్ని అంతకాలం ఒంట్లో దాచుకుందా, లేక మగతోడు లేకుండానే కన్నదా అన్నది జీవశాస్త్రం చదివేవాళ్లకి మంచి ప్రశ్న.

మా తోటల్లోనే ఇంకో సన్నటి చెట్టుపాము కూడా తిరుగుతుంది. కంచు రంగు వీపు, పక్కన లేత పసుపు చార, ఉబ్బితే పొలుసుల మధ్య నుంచి నీలం మెరుస్తుంది. కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకుతుంది, గుడ్లు పెడుతుంది, విషం లేదు. దాని మీదా ఒక కథ ఉంది. మనిషిని కరిచి, ఆ మనిషి చితి పొగ చూడ్డానికి చెట్టు కొసకెక్కి కూర్చుంటుందట. తమిళనాడులో ఇది బాగా చెప్పుకుంటారు. చెట్టు మీద ఉండడమే దాని నేరం.

విశాఖపట్నంలో వైద్యుడు

మన తీరంలో ఈ పాముని కాగితం మీద పెట్టినవాడు ప్యాట్రిక్ రసెల్. స్కాట్లండ్ వైద్యుడు. అంతకుముందు సిరియాలోని అలెప్పోలో పనిచేశాడు. సోదరుడి వెంట 1781లో విశాఖపట్నం వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్త అయ్యాడు. కోరమాండల్ తీరపు పాముల మీద అతను రాసిన పెద్ద పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. రంగుల బొమ్మలు, వాటి కింద ఇక్కడి జనం చెప్పిన తెలుగు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో. పసిరిక అందులో ఉంది. కాటుక రేకుల పొడ కూడా ఉంది. ఈ రెండోదాన్నే మేం రక్తపింజర అంటాం. ఇంగ్లీషులో దానికి రసెల్ పేరే పెట్టారు.

రసెల్ కష్టపడింది బొమ్మల కోసం కాదు. కంపెనీ మనుషులకీ, ఊళ్లవాళ్లకీ ఏ పాము చంపుతుందో, ఏది చంపదో తేల్చి చెప్పడం అతని ఉద్దేశం. కోళ్లనీ కుక్కలనీ కరిపించి చూశాడు. ఇవాళ మనకి ఆ పద్ధతి నచ్చదు గానీ, అడిగిన ప్రశ్న సరైనది. ఒకే పుస్తకంలో పసిరికకి ఒక పుట, రక్తపింజరకి ఒక పుట. రెండు శతాబ్దాలు దాటినా మా ఊళ్లో ఆ రెండు పుటలూ ఇంకా కలిసిపోయే ఉన్నాయి.

మొన్నమొన్నటి దాకా శ్రీలంక నుంచి మన దాకా ఉన్న పచ్చ పసిరికలన్నీ ఒకే జాతి అనుకునేవారు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి చెందిన అశోక్ కుమార్ మల్లిక్, కార్తీక్ శంకర్, వాళ్ల సహచరులు జన్యువులనీ, పొలుసులనీ పోల్చి చూసి 2020లో జూటాక్సా పత్రికలో ఆ లెక్క మార్చారు. పడమటి కనుమల్లోవి వేర్వేరు జాతులని తేలింది. నసూటా అనే పాత పేరు శ్రీలంక పాముకే మిగిలింది. మన మైదానాల పాముకి థామస్ బెల్ 1825లో పెట్టి, తర్వాత మూలపడ్డ పేరు తిరిగి దక్కింది: అహెటుల్లా ఆక్సీరింకా. అంతకు ముందు ఏడాది, 2019లో, ఒడిశాలో ఇంకో జాతిని గుర్తించి అక్కడి జనం పిలిచే పేరు మీదుగానే అహెటుల్లా లౌడాంకియా అన్నారు. అదే ఏడాది పడమటి కనుమల దక్షిణ కొసన వీటి దాయాది ప్రజాతి ఒకటి బయటపడింది. ఆ రెండు వంశాలూ విడిపోయి సుమారు 2 కోట్ల 60 లక్షల ఏళ్లయిందని అంచనా.

తీగలా సన్నబడి ఆకుల్లో దాక్కునే ఈ ఎత్తుగడ మన ఖండానికే పరిమితం కాదు. మధ్య, దక్షిణ అమెరికాల్లో ఆక్సీబెలిస్ అనే ప్రజాతి, ఆఫ్రికాలో థెలోటోర్నిస్ అనే ప్రజాతి విడివిడిగా ఇదే రూపానికి వచ్చాయి. ఆఫ్రికా పాముకి అడ్డ కనుపాప కూడా ఉంది. పోలిక చూసి మోసపోకూడదు. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. జర్మనీకి చెందిన ప్రసిద్ధ సరీసృప శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టెన్స్ తాను పెంచుకుంటున్న థెలోటోర్నిస్ కరిచి 1975లో చనిపోయాడు. మన పసిరిక అలాంటిది కాదు.

విషం ఎంత, మంత్రం ఎంత

పసిరికకి విషం లేదంటే తప్పు. ఉంది. కోరలు నోటి ముందు కాకుండా దవడ వెనక వైపు ఉంటాయి. తొండనో కప్పనో కాసేపు నమిలి పట్టుకుంటే గానీ విషం దిగదు. మనిషికి కరిస్తే కరిచిన చోట నొప్పి, వాపు, కొంచెం మొద్దుబారడం. రెండు మూడు రోజుల్లో అదే తగ్గిపోతుంది. ప్రాణం మీదికి రాదు.

ఇక్కడే మా ఊళ్లో పెద్ద చిక్కు. పసిరిక కరిచినవాణ్ని మంత్రగాడి దగ్గరికి తీసుకెళ్తారు. అతను వేపమండ ఆడిస్తాడు, పసరు పోస్తాడు, మనిషి లేచి తిరుగుతాడు. తిరగక ఏం చేస్తాడు? పసరు లేకపోయినా తిరిగేవాడే. కానీ ఆ పేరు మంత్రానికి వస్తుంది. మర్నాడు కట్లపాము కరిచినవాణ్ని కూడా అక్కడికే తీసుకెళ్తారు. అక్కడ పోయిన గంట మళ్లీ రాదు. మా ఊళ్లో చెట్టుపాములు ఎవర్నీ చంపవు నిజమే, వాటి కాటుకి కట్టిన మంత్రాలు చంపుతాయి.

మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాట్లతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో ఈలైఫ్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులు నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. దాదాపు సగం చావులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యే. 2018 వానాకాలంలో కృష్ణ అవతల దివిసీమలో కాట్లు పెరిగితే మోపిదేవి గుడిలో సర్పశాంతి యాగం కూడా చేశారు. ఈ చావుల్లో పసిరిక పేరు ఎక్కడా లేదు. చంపేవి ముఖ్యంగా నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర. ఆసుపత్రిలో ఇచ్చే విషం విరుగుడు మందు ఈ నాలుగింటికీ కలిపి తయారుచేసిందే.

నాలుగూ నేల మీది పాములే. మా బెల్టులో అవి మనిషికి ఎదురయ్యే చోట్లు మాకు బాగా తెలుసు. పత్తి పీకేశాక కట్టెని ఇంటి పక్కన వాములేస్తాం, వంటచెరుక్కి. అందులో ఎలకలు చేరతాయి, ఎలకల కోసం పాము చేరుతుంది. తెల్లారుజామున పొయ్యిలోకి కట్టె లాగే చెయ్యి ఎవరిది? మిరపకాయలు కల్లంలో ఆరబోసి రాత్రిళ్లు కాపలా పడుకుంటాం, నేల మీద, పట్టా పక్కన. కట్లపాము రాత్రిపూటే తిరుగుతుంది. దాని కాటు నొప్పి కూడా సరిగా తెలియదు. తెల్లారేసరికి రెప్పలు వాలిపోతుంటే నిద్రమత్తు అనుకుంటారు. ఇక మోటారు వెయ్యడానికి చీకట్లో చెప్పుల్లేకుండా గట్టు మీద నడిచేవాళ్లు ఉన్నారు.

అందుకే పిల్లలకి నేను చెప్పేది సూటిగా ఉంటుంది. కల్లంలో పడుకుంటే మంచం వేసుకుని, దోమతెర చుట్టూ దోపుకుని పడుకోవాలి. రాత్రి నడిస్తే లైటు, బూట్లు. పత్తికట్టె వాము ఇంటికి దూరంగా, లాగేముందు కర్రతో తట్టి. కాటు పడితే కొయ్యడం, పీల్చడం, గట్టిగా తాడు కట్టడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోను చేసి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాలి. మందు అక్కడ ఉచితం. డాక్టరు కొంచెం రక్తం శుభ్రమైన పొడి గాజుగొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా పెడతాడు. గడ్డకట్టకపోతే రక్తపింజర లాంటి పాము విషం ఒంట్లోకి వెళ్లిందని అర్థం. ఇంత తేలిక పరీక్ష పల్లె ఆసుపత్రిలో కూడా చెయ్యొచ్చు.

కరిచింది పసిరికే అని కచ్చితంగా తెలిసినా ఆసుపత్రికి వెళ్లి చూపించుకోవడమే మంచిది. ఆ సంగతి డాక్టరుతో చెప్పాలి, వీలయితే దూరం నుంచి తీసిన ఫోటో చూపించాలి. విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి తీసింది. కొందరి ఒంటికి పడదు, రియాక్షన్ తీవ్రంగా రావచ్చు. అవసరం లేనివాళ్లకి ఎక్కించకుండా ఉండాలంటే ఏ పామో తెలియడం డాక్టరుకి సాయం. ఫోటో కోసం పాము వెంట పడమని మాత్రం కాదు.

గట్టు పోతే

ఈ మధ్య పసిరిక తక్కువగా కనబడుతోంది. మా వైపు చేలు చాలా వరకు కౌలువి. ఎకరానికి ఇంత అని ముందే మాట్లాడుకుని ఒప్పుకున్న కౌలుదారుకి గట్టు మీద కంప అంటే దండగ జాగా. గట్టు చెక్కేస్తే రెండు సాళ్లు ఎక్కువ పడతాయి. మిగిలిన గట్టు మీద గడ్డిమందు కొడతారు. డొంకలు ట్రాక్టరు పట్టేంత వెడల్పు చెయ్యడానికి పక్కన ఉన్న తుమ్మలు పోయాయి. తీగ లేని చోట పసిరిక ఉండలేదు. నేల మీద దానికి పెద్దగా చేతనయ్యేది ఏమీ లేదు. ఆ సన్నటి ఒళ్లూ, ఆ పచ్చరంగూ ఆకుల మధ్య తప్ప ఎక్కడా అక్కరకి రావు.

రైతుల్ని నేను తప్పుపట్టను. 2021లో నల్ల తామరపురుగు వచ్చి మిరప తోటలు దున్నేసుకున్నవాళ్లని చూశాను. అప్పు మీద అప్పు ఉన్నప్పుడు రెండు సాళ్లు తక్కువ మాట కాదు. నా అభ్యంతరం వాళ్లు చెప్పే ఇంకో కారణం మీద: "కంప ఉంటే పాములొస్తాయి టీచరమ్మా, అందుకే కొట్టేశాం." డొంక కంపలో నాగుపాము ఎప్పుడూ ఉండదని నేను అనను. కానీ కంప కొట్టేస్తే మొదట పోయేది ఎవర్నీ చంపని పసిరికా, కంచురంగు చెట్టుపామూ. ఎలకలు పోవు. చేలో గింజ, గట్టులో బొరియ, ఇంటి పక్కన కట్టె ఉన్నంతకాలం అవి ఉంటాయి. అవి ఉన్నంతకాలం రక్తపింజరకీ నాగుపాముకీ లోటు లేదు. కంప కొట్టి మనం తగ్గించుకున్నది పాముల సంఖ్యే, ప్రమాదం కాదు.

పిన్నికి ఇదంతా వివరంగా చెప్పాను. అంతా విని, "అయితే అది కళ్లు పొడవదంటావు" అంది. పొడవదన్నాను. "సరేలే, అయినా నేను దాని జోలికి పోను" అంది. నాకు కావలసింది అంతే. పసిరికని ఎవరూ ప్రేమించక్కర్లేదు, చేతిలో పట్టుకోనక్కర్లేదు, కర్ర తియ్యకుండా పక్కనుంచి వెళ్లిపోతే చాలు. పాముల భయంతో ఈ ఏడు కంప కొట్టించాలని అనుకునేవాళ్లు ముందు ఇంటి గోడకి ఆనుకుని ఉన్న పత్తికట్టె వాముని దూరంగా జరిపించండి. కూలి డబ్బులు మిగిలితే డొంక సంగతి తర్వాత మాట్లాడుకుందాం.